స్వీడన్ వరసలో సారంగపాణి

కొత్త సాఫ్టువేరు ఏది దింపుకున్నా, దాన్ని ఎక్కించి నేను మొట్టమొదట టైపు చేసేది 'హలో వరల్డ్' కాదు, 'కార్వేటినగరం వేణుగోపాలస్వామి'. ఊరి మీద అభిమానం అనుకునేరు. అదీ ఉందిలెండి. కానీ అసలు కారణం వేరే. ఈ రెండు మాటల్లో దీర్ఘాలున్నాయి, ఒత్తులున్నాయి, కొమ్ముంది, పొల్లుంది, సున్నా ఉంది. తెలుగుని కొరికే సాఫ్టువేరు ఎక్కడ కొరుకుతుందో ఈ రెండు మాటల దగ్గరే బయటపడిపోతుంది. ఈ అలవాటు నాకు 2007 మే నెలలో పట్టుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న బాపతన్నమాట.

ఈమధ్య పాత హార్డుడిస్కులు సర్దుతుంటే 2007 నాటి నా డేటాబేసు నకలు ఒకటి దొరికింది. సరే, ఆ రోజు నిజంగా ఏం జరిగిందో ఇప్పుడు తీరిగ్గా చూద్దామని వర్డుప్రెస్ పాత విడుదలలు మళ్ళీ దింపుకుని ఒక్కొక్కటీ ఎక్కించి పరీక్షించాను. (పాత విడుదలలన్నీ వాళ్ళ సైట్లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో వాళ్ళకి దణ్ణం పెట్టాలి.) ఇది ఆ తవ్వకాల కథ. ఇరవయ్యేళ్ళ కిందటి సంగతిని చరిత్ర అనొచ్చా అని అడక్కండి. మన వృత్తిలో ఐదేళ్ళు దాటితే శిలాయుగమే.

ముందు ఊరి సంగతి రెండు ముక్కల్లో. కార్వేటినగరం చిత్తూరు జిల్లాలో, పుత్తూరుకి దగ్గర్లో ఉంటుంది. ఒకప్పుడు పెద్ద జమీందారీ. ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో బొమ్మరాజు పాళెం అనే పేరు మీద కూడా కనిపిస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మేము ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్ళం. అందుకే మా ఊరి చరిత్ర కావాలంటే ఆర్థర్ కాక్స్ 1881లో అచ్చువేసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ తిరగెయ్యాలి. ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి అనే పెద్ద కోనేరు ఉన్నాయి. ఆ స్వామి పేరునే ముద్రగా పెట్టుకుని పదాలు రాసినవాడు సారంగపాణి. క్షేత్రయ్య పేరు తెలిసినంతమందికి ఈయన పేరు తెలీదు. క్షేత్రయ్య నాయికలు పద్ధతిగా మాట్లాడతారు, సారంగపాణి పదాల్లో వీధిలో మనుషులు మాట్లాడతారు. మా వైపు యాస, మా వైపు తిట్టు, మా వైపు ఎకసెక్కెం. వర్ణాలు కట్టిన గోవిందసామయ్యదీ ఈ కార్వేటినగరమే. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులో అచ్చువేయించినప్పుడు గమకాలకి కూడా గుర్తులు పెట్టి మరీ వేయించారు. అచ్చులో లేని గుర్తు కావలిస్తే పోతపోయించుకోవాల్సిన కాలం అది. మనకేమో యూనికోడ్ వాళ్ళు 1991లో మొదటి సంచికలోనే తెలుగుకి గళ్ళు కేటాయించి పెట్టారు. అయినా మనం ఏం చేశామో చూడండి.

2005లో నేను మా ఊరి మీద ఒక సైటు పెట్టాను. గుడి, కోనేరు, సంస్థానం, సారంగపాణి పదాల జాబితా (ఏ పదం ఏ రాగం, ఎవరి నోట విన్నాను, అంతే). అప్పటికి వర్డుప్రెస్ 1.5 వచ్చి ఉంది. దీని పుట్టుక మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బీ2 కెఫెలాగ్ అనే సాఫ్టువేరుని రాసినాయన పట్టించుకోవడం మానేస్తే, 2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు దాన్ని చీల్చుకుని ముందుకి తీసుకెళ్ళారు. 2003 మే 27న 0.7 విడుదలైంది. జీపీఎల్ లైసెన్సు ఉంది కాబట్టి అది సాధ్యమైంది, లేకపోతే బీ2తోపాటు అంతా అక్కడే ఆగిపోయేది. 2004లో వచ్చిన 1.2తో ప్లగిన్లూ, వేరే భాషల్లోకి అనువదించుకునే వీలూ వచ్చాయి. పెద్ద విడుదలలకి జాజ్ సంగీతకారుల పేర్లు పెట్టడం వీళ్ళ ఆనవాయితీ. 2.1కి ఎల్లా ఫిట్జెరాల్డ్ పేరు, 2.2కి స్టాన్ గెట్జ్ పేరు. గోవిందసామయ్య విడుదల ఎప్పుడొస్తుందో చూడాలి :)

ఆ రోజుల్లో తెలుగు రాయడం ఎలా ఉండేదో కూడా చెప్పుకోవాలి. పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకుని నడిపేవి, ఒకరి అక్షరం ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. యూనికోడ్ తెలుగు కనబడాలంటే విండోస్ ఎక్స్‌పీ ఉండాలి, అందులో గౌతమి ఫాంటు ఉండాలి, అదీ రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక గడి టిక్కుపెట్టి, ఎక్స్‌పీ సీడీ పెడితేగానీ ఎక్కేది కాదు. నెట్ సెంటర్లో సీడీ అడిగితే మనిషిని ఎగాదిగా చూసేవాళ్ళు. 2006లో లేఖిని వచ్చాక కాస్త ఊపిరాడింది. పైన పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింద పెట్టెలో తెలుగు వస్తుంది, దాన్ని కాపీ చేసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవచ్చు. గౌతమి లేని సిస్టంలో కింద పెట్టెలో డబ్బాలు కనిపించేవి. ఏం ఫరవాలేదు, డబ్బాల్నే కాపీ చేసి అతికించినా అవతలివాడికి తెలుగే చేరేది. ఈ 'డబ్బాల్నే అతికించడం' గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక డేటాబేసు. వర్డుప్రెస్ మై-ఎస్క్యూఎల్ మీద నడుస్తుంది. ఆ మై-ఎస్క్యూఎల్ పుట్టింది స్వీడన్లో. పట్టిక సృష్టించేటప్పుడు 'ఇందులో ఏ లిపి దాస్తాను' అని మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే, అది లాటిన్-1 అనుకుంటుంది, వరసక్రమం స్వీడిష్ అనుకుంటుంది. ఎవరింట్లో పెరిగితే వాళ్ళ అలవాట్లు వస్తాయి కదా. 2018లో 8.0 వచ్చేదాకా ఇదే దాని సహజస్థితి. 2.2కి ముందు వర్డుప్రెస్ పట్టికలు సృష్టించేటప్పుడు లిపి సంగతే ఎత్తేది కాదు. కాబట్టి 2007కి ముందు వర్డుప్రెస్‌లో రాసిన తెలుగులో ఎక్కువ భాగం, సర్వరువాడు వేరేగా అమర్చుకుని ఉంటే తప్ప, స్వీడిష్ లాటిన్ అనే చీటీ అంటించిన డబ్బాల్లోనే పడుకుంది. సారంగపాణితో సహా.

మరి సైట్లో తెలుగు చక్కగా ఎలా కనబడేది? ఎవరూ ఎవర్నీ ప్రశ్నించకపోవడం వల్ల. బ్రౌజరు తెలుగు అక్షరాన్ని యూటీఎఫ్-8లో మూడు బైట్లుగా పంపేది. పీహెచ్‌పీ ఆ బైట్లని ముట్టుకోకుండా అందించేది. మై-ఎస్క్యూఎల్ 'ఓహో, మూడు లాటిన్ అక్షరాలు' అనుకుని దాచేది. మళ్ళీ అడిగితే అవే మూడు బైట్లు తిరిగిచ్చేది. బ్రౌజరు 'ఇది యూటీఎఫ్-8' అని తెలుగు చూపించేది. అందరూ తప్పుగా అనుకున్నా బైటు మాత్రం చెక్కుచెదరలేదు. గుట్టు బయటపడేది ఒక్కచోటే, పీహెచ్‌పీ-మై-అడ్మిన్‌లో పట్టిక తెరిస్తే. అక్కడ ప్రతి తెలుగు అక్షరం బదులు, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆ పక్కన ఇంకేదో కనిపించేవి. తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో ఒకే బైటుతో మొదలవుతాయి మరి, అందుకని పేజీ నిండా ఆ గీతల 'ఏ'లే.

ఇక్కడో తమాషా. స్వీడిష్ వరసలో ఆ గీతల 'ఏ'కీ మామూలు 'ఏ'కీ తేడా లేదు. నా జాబితాని పేర్ల వరసలో పెట్టమంటే ఇంగ్లీషులో 'ఏ'తో మొదలయ్యేవన్నీ అయ్యాక, 'బీ' రాకముందు, ఆ సందులో తెలుగు మొత్తం వచ్చి కూర్చునేది. సందులో దూరినా లోపల మాత్రం అకారాది క్రమం తప్పేది కాదు, ఎందుకంటే చివరి బైట్ల దగ్గర స్వీడిష్ వరస ఏమీ కలగజేసుకోదు. అప్పట్లో ఇదెందుకిలా వస్తోందో అర్థంకాక జుట్టు పీక్కున్నాను. ఇప్పుడు 2.1 ఎక్కించి చూస్తే మళ్ళీ అక్కడే వచ్చి కూర్చుంది, పాత స్నేహితుడిలా.

ఇంకోటి. వర్గం పేరు దాచే గడి నిడివి 55. మనిషి అక్షరాలు 55 కాదు, బైట్లు 55. 'కార్వేటినగరం సంస్థానం' అని వర్గం పెడితే ఊరిపేరుకి 12 సంకేతాలు, మూడేసి బైట్ల లెక్కన 36. ఖాళీకి ఒకటి, 37. మిగిలినవి 18, అంటే ఆరు సంకేతాలు. 'కార్వేటినగరం సంస్థా' దగ్గర తెగిపోయింది. పర్మనెంట్ సెటిల్మెంటుతో ఇంగ్లీషువాళ్ళు చేసినదానికన్నా నున్నగా కోసేసింది సంస్థానాన్ని.

ఇదంతా సరదా. సరదా కానిది 2007 మే 16న వచ్చింది, వర్డుప్రెస్ 2.2. అందరం విడ్జెట్ల కోసం ఎగబడ్డాం, అంతకుముందు ప్లగిన్‌గా వేసుకునేవాళ్ళం, ఇప్పుడు లోపలే వచ్చాయని. కానీ ఆ విడుదలలో అసలు పెద్ద మార్పు ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది. కాన్ఫిగ్ దస్త్రంలో రెండు కొత్త లైన్లు, డీబీ-చార్‌సెట్ అని ఒకటి, డీబీ-కొలేట్ అని ఒకటి. మొదటిదానికి విలువ యూటీఎఫ్-8. అంటే ఇకనుంచి వర్డుప్రెస్ డేటాబేసుతో మాట కలపగానే 'మన మధ్య మాటలన్నీ యూటీఎఫ్-8లో' అని ముందే చెప్తుంది. కొత్తగా ఎక్కించేవాళ్ళకి పట్టికలు కూడా యూటీఎఫ్-8లోనే పుడతాయి. ఇంతకాలానికి స్వీడిష్ చీటీ పీకి సరైన చీటీ అంటించారన్నమాట. చెయ్యాల్సిన పనే, ఆలస్యంగానైనా చేశారు.

పాతవాళ్ళ సంగతీ ఆలోచించారు, నిజం చెప్పాలి. పాత కాన్ఫిగ్ దస్త్రంలో ఆ లైన్లు ఉండవు కదా, లేకపోతే 2.2 పాతపద్ధతిలోనే నడుస్తుంది, ఏమీ చెడదు. ఇప్పుడు పరీక్షించినప్పుడు కూడా అంతే. 2.1లో మా ఊరి పేరుతో టపా రాసి, దస్త్రం ముట్టుకోకుండా 2.2కి మారితే ఊరి పేరు ఊరి పేరులానే ఉంది. చెడగొట్టుకున్నది ఎవరంటే, పాత దస్త్రాలన్నీ తుడిచేసి, కొత్త నమూనా కాన్ఫిగ్ దస్త్రంలో తన పాస్‌వర్డ్ నింపుకుని 'శుభ్రంగా' ఎక్కించిన అతితెలివి ఇంజనీర్లు. అంటే నేను.

అలా చేస్తే ఏమవుతుందంటే, పట్టిక మీద ఇంకా లాటిన్ చీటీయే ఉంది. వర్డుప్రెస్ యూటీఎఫ్-8లో ఇమ్మంటోంది. మై-ఎస్క్యూఎల్ బుద్ధిమంతుడిలా ఒక్కో లాటిన్ అక్షరాన్నీ యూటీఎఫ్-8లోకి మార్చి ఇస్తుంది. ఒక తెలుగు అక్షరం బదులు మూడు గీతల, చుక్కల, డిగ్రీల అక్షరాలు. పీహెచ్‌పీ-మై-అడ్మిన్‌లో మాత్రమే కనిపించే గుట్టు కాస్తా సైటు మీదకి ఎక్కింది. రాత్రి ఒంటిగంటకి ఎక్కించాను, విడ్జెట్లు కదులుతున్నాయో లేదో చూసి పడుకున్నాను. పొద్దున చూస్తే రెండేళ్ళ రాతంతా గజిబిజి. అదే వారం ఆఫీసులో మా రిలీజు. నాలుగురోజులు అలాగే వదిలేశాను. సైటు ఆపెయ్యాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఇక్కడ మా తెలుగు అయ్యోరి గురించి చెప్పాలి. నాకు హైస్కూల్లో చెప్పినాయన, అప్పటికి రిటైరై చాలాకాలం. పేరు చెప్పను, ఆయనకి నచ్చదు. సైటు పెట్టిన కొత్తలో ఫోన్‌లో చెప్తే, "ఎవురు చదువుతార్రా దాన్ని?" అన్నాడు. తర్వాత కోనేరు మీద నేను రాసిన టపాని ఎవరో అచ్చుతీసి చూపిస్తే, "శానా తప్పులుండాయి నాయనా, నేను రాసిస్తా" అన్నాడు. అన్నమాట ప్రకారమే రాశాడు, తెల్లకాగితాల మీద, తన గుండ్రటి దస్తూరీతో. వాళ్ళ మేనల్లుడి కొడుకు, ఇంటర్ చదివే పిల్లాడు, దాన్ని పుత్తూరులో నెట్ సెంటరుకి తీసుకెళ్ళి లేఖినిలో కొట్టి కోనేరు టపా కింద వ్యాఖ్యలుగా పెట్టాడు. మూడు వ్యాఖ్యలు. ఆ నాలుగురోజుల్లోనే.

పేజీ అంతా గజిబిజిగా ఉంటే వాడు ఎలా పెట్టాడు అని మీకు సందేహం రావొచ్చు. ఆ సిస్టంలో గౌతమి లేదు. వాడికి తెలుగంటే ఎప్పుడూ డబ్బాలే. డబ్బాల బదులు గీతల 'ఏ'లు కనబడితే 'ఇక్కడ ఫాంటు లేదులే, అన్న సిస్టంలో బాగానే కనబడుతుంది' అనుకున్నాడు. డబ్బాల్ని అతికించాడు, మీట నొక్కాడు. నెట్ సెంటరుకి గంటన్నర డబ్బులు కట్టి ఇంటికెళ్ళాడు.

వెళ్ళే దారిలో తెలుగు బాగానే వెళ్ళింది. వర్డుప్రెస్ యూటీఎఫ్-8 అని చెప్పి మరీ ఇచ్చింది. మై-ఎస్క్యూఎల్ దాన్ని అర్థం చేసుకుని, నిజమైన తెలుగు 'క' అని గుర్తుపట్టి, పట్టిక చీటీ చూసింది. లాటిన్. లాటిన్లో 'క' లేదు. లేని అక్షరానికి అది ప్రశ్నార్థకం పెడుతుంది. ఒక సంకేతానికి ఒక ప్రశ్నార్థకం. ఎర్రరు లేదు, హెచ్చరిక లేదు.

నాకు పట్టిన తేడా ఇదే, ఇప్పుడు మళ్ళీ పరీక్షించి చూసినా ఇదే. గజిబిజి అంటే తెలుగు బతికే ఉంది, వేషం మారిందంతే. ప్రశ్నార్థకం అంటే పోయింది. చూడటానికి గజిబిజి భయంకరంగా ఉంటుంది, ప్రశ్నార్థకాలు పద్ధతిగా వరసలో ఉంటాయి. అందుకే ఆ రోజు కంగారుపడాల్సిన దానికి పడలేదు. పాత టపాలన్నీ ఎలా తెచ్చుకోవాలా అని రాత్రుళ్ళు కూర్చున్నాను. అవి ఎక్కడికీ పోలేదు, కాన్ఫిగ్‌లో రెండు లైన్లు తీసేస్తే నిమిషంలో వెనక్కి వచ్చాయి. తర్వాత ఓ ఆదివారం పట్టికల్ని పద్ధతిగా మార్చాను. మార్చడంలో కిటుకు తెలిసిందే, టెక్స్ట్ గడిని నేరుగా యూటీఎఫ్-8కి మారిస్తే గజిబిజి స్థిరపడిపోతుంది. ముందు బ్లాబ్‌గా మార్చాలి, అంటే 'ఇవి ఉత్త బైట్లు, ఏ లిపీ కాదు' అని చీటీ పీకెయ్యాలి. తర్వాత ఆ బ్లాబ్‌ని యూటీఎఫ్-8 టెక్స్ట్‌గా మార్చి కొత్త చీటీ అంటించాలి. బైటు కదలదు, పేరు మారుతుంది. ముందు నకలు తీసుకోవడం మర్చిపోకండి.

మూడు వ్యాఖ్యలకి మాత్రం ఏ కిటుకూ లేదు. వ్యాఖ్య వచ్చినట్టు వర్డుప్రెస్ నాకు మెయిల్ పంపుతుంది కదా, అందులోనైనా ఉంటుందని వెతికాను. ఆ మెయిల్ కూడా డేటాబేసులో దాచాక తిరిగి చదివి పంపేదే, అందులోనూ ప్రశ్నార్థకాలే. మై-ఎస్క్యూఎల్ బైనరీ లాగ్ గనక ఉంటే, వచ్చిన ఆజ్ఞ వచ్చినట్టు అందులో దొరికి ఉండేది. షేర్డు హోస్టింగు, లాగు మన చేతిలో ఉండదు. కంపెనీకి రాస్తే అలాంటివి ఇవ్వడం కుదరదని రెండు లైన్ల జవాబు. పిల్లాణ్ణి అడిగాను, లేఖినిలో కొట్టినది ఎక్కడైనా దాచావా అని. "లేదన్నా, అన్నీ ఒకేసారి పెట్టేసినా కదా." ఇక మిగిలింది కాగితం. అయ్యోరికి ఫోన్ చేశాను.

"నెట్లో పెట్టేసినాం గదా నాయనా, ఇంక కాయితమెందుకని పారేసినా. నెట్లో పెడితే పోదని నువ్వే గదా చెప్పినావు?"

నేనే చెప్పాను. నిజమే.

"మళ్లా రాస్తాలే. నువ్వు వచ్చినప్పుడు చెప్తా, తొందరేముంది." ఆ సంవత్సరం ఆన్‌సైట్ వచ్చింది, నేను ఊరికి పోలేదు. ఆ మరుసటి ఏడు ఆయన పోయాడు.

ఈ లెక్కన 2004 నుంచి 2007 దాకా ఎంతమంది సైట్లలో ఎన్ని పేజీలు ఇలా పోయాయో ఎవరు లెక్కపెట్టారు? విసుగొచ్చి 'తెలుగు ఎగిరిపోయింది' అని సైటే మూసేసుకున్నవాళ్ళు నాకు తెలిసే ఇద్దరున్నారు. వాళ్ళది గజిబిజే, ప్రశ్నార్థకం కాదు. ఆ నకళ్ళు ఏ సీడీలోనో ఉంటే ఈరోజుకీ వెనక్కి తెచ్చుకోవచ్చు. మిగతా సాఫ్టువేర్ల దారులు వేరు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ వాళ్ళు పాఠాన్ని ఉత్త బైట్లుగా దాచే పద్ధతి పెట్టుకున్నారు, చీటీయే లేకపోతే తప్పు చీటీ గొడవా లేదు. 2005లో మాంబో నుంచి విడిపోయిన జూమ్లా 2008 జనవరిలో 1.5 వచ్చాకగానీ పూర్తిగా యూటీఎఫ్-8కి మారలేదు. అంతకుముందు 1.0లో తెలుగు పెట్టినవాళ్ళు మారేటప్పుడు పడ్డ పాట్లు వేరే టపాకి సరిపోతాయి.

పాత నకళ్ళు ఉన్నవాళ్ళకి ఒక్క జాగ్రత్త చెప్పాలి, నేను ఈసారి తవ్వుతుంటే తగిలినది. మై-ఎస్క్యూఎల్ 'లాటిన్-1' అని పిలిచేది నిజానికి విండోస్-1252 అనే పట్టిక. అందులో ఐదు గళ్ళు ఖాళీ. మై-ఎస్క్యూఎల్ ఆ ఐదింటినీ అలాగే దాచి అలాగే ఇస్తుంది, అందుకే అక్కడ నష్టం లేదు. పైథాన్ లాంటివి ఊరుకోవు. గజిబిజిని పైథాన్లో 1252గా వెనక్కి తిప్పబోతే ఎర్రరు ఇస్తుంది. 'ఎర్రరొస్తే వదిలెయ్' అని రాశామా, అయిపోయాం. ఎందుకంటే ఆ ఐదు ఖాళీ గళ్ళలో ఒకటి మన కొమ్ముది, అదే అరసున్నాది కూడా. ఇంకోటి మన పొల్లుది. మిగతావి 'ఏ', 'ఐ', 'ఝ' అక్షరాలవి. నా పరీక్ష మాటలు ఇచ్చి చూశాను. 'కారవేటినగరం వేణగోపాలసవామి' అని వచ్చింది. చిన్నప్పుడు ఇలా రాస్తే అయ్యోరు బెత్తం తీసేవాడు. పొల్లు లేకపోతే ఒత్తు లేదు, ఒత్తు లేకపోతే తెలుగులో సగం మాటలు లేవు. పేజీ పైపైన చూస్తే తెలుగులానే ఉంటుంది, బాగుపడిందనుకుని అసలు నకలు పారేసే ప్రమాదం ఉంది.

ఈ పాత విడుదలల్ని ఎక్కించడం కూడా చిన్న పనేం కాలేదు. అప్పట్లో 'ఐదు నిమిషాల స్థాపన' అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఈ విడుదలలు మై-ఎస్క్యూఎల్‌తో మాట్లాడే ఫంక్షన్లనే 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో తీసేశారు. కాబట్టి ఒక కంటెయినర్లో పీహెచ్‌పీ 5.6, ఇంకోదాంట్లో మై-ఎస్క్యూఎల్ 5.6 పెట్టి, రెంటినీ కలిపి, హెచ్చరికలు తెర మీదకి రాకుండా నోరునొక్కి, అప్పుడు ఎక్కాయి. ఎక్కాక ఆ నీలం రంగు అడ్మిన్ పేజీ చూస్తే మనసు ఒక్క క్షణం ఎటో పోయింది.

ఇప్పటి విడుదలలు ఎంతో నయం. 2014లో 4.0 నుంచి స్థాపించేటప్పుడే భాష ఎంచుకోవచ్చు. 2015లో 4.2తో నాలుగు బైట్ల యూటీఎఫ్-8కి మారారు. మన తెలుగుకి మూడు బైట్లే కాబట్టి మనకి ఒరిగిందేమీ లేదు, కానీ అంతకుముందు ఎవరైనా వ్యాఖ్య మధ్యలో ఇమోజీ పెడితే అక్కడితో వాక్యం తెగిపోయేది, ఆ బాధ తప్పింది. కొత్తది ఎక్కించి మామూలుగా నా రెండు మాటలూ శీర్షికగా పెట్టాను. అక్షరం చెక్కుచెదరలేదు. చిరునామా మాత్రం ఇప్పటికీ 'కార్వేటినగరం-వేణుగోపాలస' దగ్గర ఆగిపోతోంది. చిరునామా గడి నిడివి 200, ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది తింటుంది. 12 తొమ్ములు 108, అడ్డగీత ఒకటి, పది తొమ్ములు 90, మొత్తం 199. స్వామికి చోటు లేదు. ఇరవై రెండు సంకేతాల్లో చిరునామా పట్టించుకోమంటుంది. ఇంగ్లీషువాడికి రెండొందలు. దీని మీద ఎవరైనా బగ్గు రాస్తే నా ఓటు వేస్తాను.

ఇక ఆ మూడు వ్యాఖ్యలు. నకల్లో అలాగే ఉన్నాయి. ప్రశ్నార్థకాలు ఒక సంకేతానికి ఒకటి చొప్పున పడ్డాయని చెప్పాను కదా. ఖాళీలు, చుక్కలు, కామాలు, అంకెలు లాటిన్లోనూ ఉన్నవే కాబట్టి అవి పోలేదు. అంటే మాటలు పోయినా, ఏ మాట ఎంత పొడుగో మిగిలింది. రెండు సాయంత్రాలు అనుకున్నది నాలుగైంది, కూర్చుని లెక్కపెట్టాను. మొదటి వ్యాఖ్య మొదటి మాటలో 12. మా ఊరి పేరుకి 12. రెండో వ్యాఖ్యలో ఒకచోట 15, అది వేణుగోపాలస్వామి అయ్యుండొచ్చు. మూడోదాంట్లో '1943' అని అంకె ఉంది, దానికి అంటుకుని రెండు ప్రశ్నార్థకాలు. అది 'లో' అయ్యుంటుంది, క్షణం కూడా అనుమానం లేదు. 1943లో. ఆ పక్కన 11. తెప్పోత్సవానికి సరిపోతుంది, రాసింది కోనేరు టపా కింద కాబట్టి పొసుగుతుంది కూడా. ఆ తర్వాత నాలుగు, ఆరు, తొమ్మిది, కామా, మళ్ళీ తొమ్మిది. ఎవరిదో మనిషి పేరు అనుకుంటున్నాను. ఆ ఏడు తెప్ప మీద ఎవరు పాడారో, ఎవరు మునిగారో, ఏమో.

ఊళ్ళో 1943 తెప్ప గురించి చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఎవరైనా మిగిలారేమో కనుక్కోమని ఆ పిల్లాడికే చెప్పాను. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు, చెన్నైలో టెస్టింగ్‌లో ఉన్నాడు. పొంగల్‌కి ఊరెళ్ళినప్పుడు అడుగుతానన్నాడు. ఫోన్‌లో రికార్డు చెయ్యమన్నాను, కాగితం మీద కూడా రాసి పెట్టమన్నాను.